మిస్ పెంబ్రీ మార్జిన్లు

నేను డ్రాయింగ్ టీచర్ని. నలభైమంది పిల్లలు బొమ్మలు వేస్తుంటే, ఎవరి బొమ్మలో తప్పెక్కడుందో తలుపు దగ్గర నిలబడే చెప్పగలను. గొప్ప కోసం చెప్పడం లేదు. అదొక జబ్బు, కనబడిన తప్పును దిద్దేదాకా చెయ్యి ఊరుకోదు. ఆ జబ్బు కాస్త నెమ్మదించింది 1999 నవంబరుకూ 2000 ఫిబ్రవరికీ మధ్య, సిడ్నీలో, ఒక ఎండాకాలంలో. అక్కడ డిసెంబరులో ఎండలు మండుతాయి.

మాది నరసరావుపేట. నూర్‌బాషాలం, ముస్లింలమే గానీ ఇంట్లో మాటంతా తెలుగే. సిడ్నీ శివారు టూంగాబీలో ఉండే హైదరాబాదువాళ్లు ఉర్దూలో పలకరిస్తే మా ఆయన నవ్వి ఊరుకునేవారు, నేను మాత్రం తెలుగులోనే జవాబిచ్చేదాన్ని. మా ఆయన పేరు ఫజల్. ఒక బ్యాంకులో వై2కే పని. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే రాశారట, 2000 వచ్చేసరికి కంప్యూటర్లు అది 1900 అనుకుని గల్లంతవుతాయట. ఎక్కడెక్కడ రెండంకెలున్నాయో వెతికి నాలుగు చెయ్యడం ఆయన ఉద్యోగం. కాంట్రాక్టు జనవరి నెలాఖరు దాకా. ఆ తర్వాత ఏమిటన్నది ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

మా అమ్మాయి ఫరహ్‌కి అప్పుడు పదేళ్లు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది. నవంబరులో బడిలో ఒక పోస్టరు వేసుకు రమ్మన్నారు, నూరేళ్ల తర్వాత మీ వీధి ఎలా ఉంటుందని. ఫరహ్ రెండు సాయంత్రాలు కూర్చుని వేసింది. ఊదారంగు పూల జకరండా చెట్టు, దాని మీదుగా ఎగిరే బస్సు, కింద మా అపార్ట్‌మెంటు. అంతా బాగానే ఉంది, బస్సు మాత్రం వంకర. ముందు చక్రం ఒక దారి, వెనక చక్రం ఒక దారి.

అది స్నానానికి వెళ్లిన పావుగంటలో నేను బస్సు సరిచేశాను. పనిలో పనిగా చెట్టుకు నీడ పెట్టాను, అపార్ట్‌మెంటుకు కిటికీలు వరసగా దించాను. మా వైపు దీన్ని ఫినిషింగ్ అంటాం. జిల్లా ఎగ్జిబిషనుకు పంపే ప్రతి బొమ్మకూ డ్రాయింగ్ టీచరు ఫినిషింగ్ ఇస్తుంది. హెడ్‌మిస్ట్రెస్‌కు తెలుసు, ఇన్‌స్పెక్టరుకు తెలుసు, బొమ్మ వేసిన పిల్లకూ తెలుసు. ఇవ్వకపోతేనే ఈ టీచరుకు శ్రద్ధ లేదంటారు. ఒకసారి మా శేషాచలం మాస్టారి అమ్మాయి వేసిన రథం బొమ్మకు నేనిచ్చిన ఫినిషింగ్‌తో జిల్లా ఫస్ట్ ప్రైజు వచ్చింది. ఆ పిల్ల కప్పు అందుకుని దండం పెట్టింది. తర్వాత ఆ ఏడంతా నా క్లాసులో ఏదీ పూర్తిగా వెయ్యలేదు. దాని బద్ధకమనుకున్నాను.

ఫరహ్ తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి పోస్టరు చూసింది. చాలాసేపు చూసింది.

"ఇట్స్ యువర్స్ నౌ. యూ టేక్ ఇట్ టు స్కూల్," అంది.

"బస్సు ఇప్పుడు చక్కగా ఉంది కదే. ఏమైంది?"

"మై బస్ వాజ్ రాంగ్. బట్ ఇట్ వాజ్ మై బస్."

మర్నాడు తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పట్టుకెళ్లింది, బొమ్మ లేకుండా. ఆ తర్వాత నేను గదిలోకి వస్తే డ్రాయింగ్ పుస్తకం బ్యాగులోకి పోయేది, జిప్పు పడేది. నా కూతురు నాకు కనబడకుండా బొమ్మలు వేస్తోంది. ఆ సంగతి నన్ను తినేసింది, కానీ తప్పు నాదని ఒప్పుకోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

నన్ను ఇంట్లోంచి బయటికి లాగింది శేషుకుమారి ఆంటీ. భీమవరం మనిషి, పాతికేళ్లుగా వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో డాక్టరు.

"సాయంత్రం కాలేజీలో ఫిబ్రవరి నుంచి డ్రాయింగ్ ట్యూటర్ పోస్ట్ ఉంది నసీమా, ఐ సా ద యాడ్. డిసెంబరు ఇరవైనాలుగో తారీఖు లాస్ట్ డేట్. నీ సర్టిఫికెట్లు ఇక్కడెవడికీ అర్థం కావు, లోకల్ రిఫరెన్స్ లేకపోతే అప్లికేషన్ ముట్టుకోను కూడా ముట్టుకోరు. మా బెరిల్ ఉంది, హిస్టారికల్ సొసైటీ ప్రెసిడెంట్. వాలంటీర్‌గా చేరు, నెలన్నర బుద్ధిగా పని చెయ్యి, షి విల్ రైట్ యూ ఎ లెటర్."

మా ఆయన కాంట్రాక్టు అయిపోతోంది కనుక నేను ఉద్యోగం వెతుక్కుంటున్నానని అందరూ అనుకున్నారు. అదీ కొంత నిజమే. కానీ రెండేళ్లయింది నేను పిల్లల ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడి. కూరగాయలు తరుగుతూ కూడా బీరకాయ షేడింగ్ గురించి గోడకు చెప్పుకునేదాన్ని. నాకు క్లాసు కావాలి. ఆ ఉత్తరం మీద నా ప్రాణమంతా పెట్టుకున్నాను.

సొసైటీ అంటే ఒక పాత చెక్క హాలు, ఒక ఫ్యాను, బిస్కెట్ల డబ్బా, ఆరుగురు ముసలివాళ్లు. బెరిల్‌కు డెబ్బై రెండేళ్లు. నిటారుగా నడిచేది, ఎండైనా నీడైనా టోపీ తీసేది కాదు. నా పని అట్టకార్డుల మీద ఉన్న వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం. కార్డుల్లో ఎక్కువ భాగం ఒకే మనిషివి: మిస్ అగస్టా పెంబ్రీ, చిత్రకారిణి. 1860ల్లో ఓడెక్కి ఇంగ్లండు నుంచి ఒంటరిగా వచ్చింది. రైల్వేలైను అవతల తన ఇంటి వరండాలోనే ఆడపిల్లలకు ముప్పై ఏళ్లు డ్రాయింగ్ నేర్పింది. పెళ్లి లేదు, పిల్లలు లేరు. పోయాక ఆవిడ రేకుపెట్టె చర్చివాళ్ల దగ్గర పడి ఉంటే బెరిల్ తెచ్చి సొసైటీలో పెట్టింది. అందులో ఉత్తరాలు, పదకొండు బొమ్మలు. పదకొండులో గొప్పది వరటా పువ్వు, పిడికిలంత ఎర్రపువ్వు, పెన్సిలుతో గీసి పల్చగా రంగు వేసినది. ఫిబ్రవరిలో జరగబోయే ఎగ్జిబిషనుకు ఆహ్వానపత్రం మీద కూడా ఆ పువ్వే అచ్చేశారు.

మొదటివారం నేను 1884కు కార్డు మీద ఉన్నట్టే 84 అని కొడితే కంప్యూటరు 1984 అని చూపించింది. ఇంట్లో చెబితే మా ఆయన కడుపుబ్బ నవ్వారు.

"మీ మిస్ పెంబ్రీ నాకంటే చిన్నదన్నమాట. మా బ్యాంకుకు తీసుకురా, నాలుగంకెలు చేసి పంపిస్తా."

డిసెంబరు తొమ్మిదిన రంజాన్ మొదలైంది. ఆ ఎండల్లో రాత్రి ఎనిమిది దాటితే గానీ ఉపవాసం విడవడం లేదు. బెరిల్ రోజూ మర్చిపోయి నాకు టీ పోసేది, నేను రోజూ ఆ కప్పు పక్కన పెట్టుకుని పని చేసేదాన్ని. రెండో వారంలో ఒక గురువారం నా చేతికి టేపు ఇచ్చింది.

"సోమవారం ఫ్రేములవాడు వస్తాడు. ఫ్రేములన్నీ ఒకే సైజువి తీసుకున్నాం. కాగితాలు కొంచెం పెద్దవిగా ఉన్నాయి, కుడివైపు రెండంగుళాలు కోసేస్తే సరిపోతుంది. ఆ మార్జిన్లలో ఎలాగూ పెన్సిలు పిచ్చిగీతలే. కొలతలు రాసి పెట్టు, డియర్."

అప్పటిదాకా నేను వాటిని కార్డుల్లోనే చూశాను. మొట్టమొదటిసారి పదకొండు కాగితాలూ బల్ల మీద పరిచి చూశాను.

కొలవడం మర్చిపోయాను. పిచ్చిగీతలన్న వాటిలో వరటా పక్కన ఒక ఆకు ఉంది, బొటనవేలంత. అదే ఆకు దాని కింద మళ్లీ, అంచు మడత పడినట్టు. దాని కింద మూడోసారి, నీడతో సహా. ఇంకో కాగితంలో కూజా ఉంది, మార్జిన్లో ఆ కూజా మూతి మాత్రం చిన్నగా, సరైన గుండ్రంలో. ఇంకోదాంట్లో కుక్క, మార్జిన్లో కుక్క వెనకకాలి కీలు. ప్రతిచోటా మధ్యలో ఉన్న బొమ్మలో ఏది తప్పో మార్జిన్లో అదే ఉంది. అది చిత్రకారిణి సాధన చేసుకున్న గీత కాదు. అది టీచరు చెయ్యి. నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు మధ్యలోవి చూశాను. కూజా వేసిన పిల్ల పెన్సిలు గట్టిగా ఒత్తుతుంది. కుక్కను వేసిన పిల్లకు భయం, ఒక్కో గీత మీద మూడు గీతలు. వరటా వేసిన పిల్ల ఎడమచేతివాటం. షేడింగ్ గీతలు ఎటు వాలాయో చూస్తే తెలిసిపోతుంది. కుడిచేతివాళ్ల గీత కింద ఎడమ నుంచి పైన కుడికి లేస్తుంది, ఎడమచేతివాళ్లది సరిగ్గా అటుదిటు. మార్జిన్లలో గీతలన్నీ కుడిచేతివి, ఒక్కరివి.

అంటే సొసైటీవాళ్లు పన్నెండేళ్లుగా మిస్ పెంబ్రీ బొమ్మలని చూపిస్తున్నది ఎవరో పద్నాలుగేళ్ల పిల్లల క్లాసుపని. మిస్ పెంబ్రీ అసలు చెయ్యి కోసేయబోయే ఆ రెండంగుళాల్లో ఉంది.

ఇంకొకటి కూడా చూశాను. భూతద్దం తీసుకుని గంటసేపు వెతికాను, మధ్య బొమ్మల్లో ఎక్కడైనా ఆవిడ గీత ఒక్కటైనా పడిందేమోనని. పదకొండింటిలో ఒక్కచోటా లేదు. కుక్క కాలు అలా విరిగినట్టే ఉంది. పక్కన సరైన కాలు వేసి చూపించి వదిలేసింది. నాకు ఫరహ్ బస్సు గుర్తొచ్చింది, శేషాచలం మాస్టారి అమ్మాయి రథం గుర్తొచ్చింది. ఆ హాల్లో నన్నెవరూ చూడటం లేదు గానీ నాకు సిగ్గేసింది.

ఇంటికెళ్లి ఆంటీకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా," అంది. "లెటర్ చేతిలో పడనీ. నెక్స్ట్ ఫ్రైడే, ట్వంటీఫోర్త్ దాకా ఆగు. తర్వాత మెల్లిగా చెప్పుకో."

"ఫ్రేములవాడు సోమవారమే వస్తాడాంటీ. వచ్చే శుక్రవారానికి ఆ ముక్కలు చెత్తబుట్టలో ఉంటాయి."

"ఉంటే? నూరేళ్ల కిందట పోయినావిడకి నువ్వేం బాకీ ఉన్నావమ్మా? షి ఈజ్ డెడ్. యూ హావ్ ఎ చైల్డ్."

ఇఫ్తారుకు ఖర్జూరం నోట్లో వేసుకుంటుండగా మా ఆయనకు చెప్పాను. ఆయన గింజ పక్కన పెట్టి, "నీకెంత ఖాయం?" అన్నారు.

"చెయ్యి గుర్తుపట్టడంలో తప్పుపోను."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?"

"మీ కాంట్రాక్టు అయిపోతోందని."

"నా కాంట్రాక్టు మీద పెట్టకు, నసీమా. చెప్పాలనుంటే చెప్పు, వద్దనుంటే వద్దు," అన్నారు. కోపంగా అనలేదు. గంజి గిన్నె నా వైపు జరిపారు.

శనివారం పొద్దున్నే హాలుకు వెళ్లాను. బెరిల్ ఒక్కతే ఉంది, ఎప్పట్లాగే టీ పోసింది. నేను ఒక కాగితం పెట్టి పెన్సిలు ఇచ్చి, గబగబా షేడింగ్ గీతలు గియ్యమన్నాను. గీసింది. ఎడమచేత్తో గియ్యమన్నాను. నవ్వుతూ గీసింది. రెండూ వరటా పక్కన పెట్టాను. ఆ నవ్వు ఆగిపోయింది.

తర్వాత ఆకు, కూజా మూతి, కుక్క కాలు ఒక్కొక్కటే చూపించాను. నా ఇంగ్లీషు అంత గొప్పది కాదు, అందుకని వేలితో ఎక్కువ చెప్పాను. మార్జిన్లు కొయ్యొద్దన్నాను.

"పన్నెండేళ్లు ఈ పువ్వు ఆవిడదని ఊరంతటికీ చెప్పాను. రెండువందల ఆహ్వానాలు పోస్టులో వేశాను," అంది బెరిల్.

"తెలుసు."

"నువ్వొచ్చి ఆరు వారాలైంది. నువ్వు వాలంటీరువి, డియర్."

డియర్ అన్నది ఎప్పుడూ అన్నట్టే అంది, అదే ఎక్కువ తగిలింది. నేను టేపు బల్ల మీద పెట్టి, రైలెక్కి ఇంటికి వచ్చేశాను. శుక్రవారం ఇరవైనాలుగు. ఉత్తరం రాలేదు. ఉత్తరం లేకుండానే అప్లికేషన్ పంపాను. వారం తిరక్కుండా కాలేజీవాళ్ల జవాబు వచ్చింది, మూడు లైన్లు. నేను స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆంటీ ఫోన్ చేసినప్పుడు, నేను చెప్పలేదా అనలేదు. అని ఉంటే బాగుండేది, పోట్లాడుకోవడానికైనా పనికొచ్చేది.

ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లిన మా ఆయన ఒకటో తారీఖు పొద్దున ఎనిమిదింటికి వచ్చారు. టై విప్పకుండానే సోఫాలో కూర్చున్నారు.

"ఏమైంది?" అన్నాను.

"ఏమీ కాలేదు. రెండేళ్లు పని చేసింది ఏమీ కాకుండా ఉండటానికే. ఏమీ కాలేదు కనుక, ఇంత హడావిడి ఎందుకు చేశారని మేనేజరు అడుగుతున్నాడు." ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎనిమిదో తారీఖు పండుగ. నమాజు నుంచి వచ్చి సేమియా పాయసం గిన్నెల్లో పోస్తుంటే బెల్ మోగింది. తలుపు తీస్తే బెరిల్, టోపీతో సహా. ఆ రోజు పండుగని ఆవిడకు తెలియదు. మా కొత్తబట్టలు చూసి కంగారుపడి వెళ్లిపోబోతే మా ఆయన కుర్చీ వేశారు. ఫరహ్ పాయసం తెచ్చి ఇచ్చింది. బెరిల్ రెండు చెంచాలు తిని, గిన్నె ఒళ్లో పెట్టుకుని చెప్పింది.

"మా ఆయన ఎడమచేతివాటం. నలభై రెండేళ్లు పొద్దున్నే నా ఎదురుగా కూర్చుని పేపర్లో పజిలు నింపేవాడు. చొక్కా చెయ్యికి ఎప్పుడూ సిరా. అంతకాలం చూసి కూడా ఆ పువ్వులో ఎడమచెయ్యి నాకు కనబడలేదు. క్రిస్మస్ అంతా ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను, నసీమా."

ఆవిడ నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

"ఫ్రేములవాడు?" అన్నాను.

"ఆ సోమవారమే వెనక్కి పంపేశాను. నీకు ఫోన్ చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. కోపంగా ఉన్నాను." హ్యాండుబ్యాగులోంచి కవరు తీసి ఇచ్చింది. "ఇది కూడా ఆలస్యమైంది."

ఉత్తరంలో నాలుగే వాక్యాలున్నాయి. చివరిది, ఈమె చెప్పేది వినడానికి కష్టంగా ఉండవచ్చు, చూసేది మాత్రం నిజం, అని. కాలేజీ ఉద్యోగం అప్పటికే ఎవరికో వెళ్లిపోయింది. ఆ మాట చెబితే బెరిల్, శనివారం పొద్దున హాలు ఖాళీగానే ఉంటుందని, పిల్లలకు క్లాసు పెట్టుకుంటే బల్లలు మాత్రం నేనే సర్దుకోవాలని చెప్పింది.

ఫిబ్రవరి మొదటి శనివారం ఎగ్జిబిషను. గుమ్మం దగ్గర అట్ట మీద కొత్త పేరు రాశారు: మిస్ పెంబ్రీ, ఆమె విద్యార్థినులు. కొత్త ఫ్రేముల్లో మార్జిన్లు పూర్తిగా కనిపిస్తున్నాయి. ఆహ్వానం మీద ఉన్న పువ్వు టీచరుది కాదట కదా అని కొందరు గొణిగారు. బెరిల్ ప్రతి ఒక్కరికీ అదే ఓపికతో చెప్పింది, పన్నెండేళ్లు నేను పొరబడ్డాను అని.

ఫరహ్ రానని మొండికేస్తే మా ఆయన లాక్కొచ్చారు. మొదట బిస్కెట్ల దగ్గరే నిలబడింది. తర్వాత ఒక్కొక్క బొమ్మా చూస్తూ కుక్క దగ్గర ఆగింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"షి డిడ్న్ట్ ఫిక్స్ ద లెగ్," అంది.

"లేదు. పక్కన వేసి చూపించింది, అంతే."

"నాట్ ఈవెన్ వన్స్? ఇన్ ఆల్ ఆఫ్ దెమ్?"

"నేనూ నమ్మలేదు. భూతద్దం పెట్టి వెతికాను. లేదు." దాని వైపు తిరిగాను. "నీ బస్సు నేను దిద్దకుండా ఉండాల్సింది, తల్లీ. తప్పు నాదే."

ఫరహ్ కుక్కనే చూస్తూ నిలబడింది.

మా ఆయనకు మార్చి దాకా పని దొరకలేదు. ఫిబ్రవరి నెలంతా మధ్యాహ్నం పూట సోఫాలో కాళ్లు చాపుకుని నిద్రపోయేవారు, రెండేళ్ల నిద్ర బాకీ ఉందని. నా శనివారం క్లాసుకు ఆరుగురు పిల్లలు చేరారు. మొదటిరోజు నా కుడిచేతిని అదుపులో పెట్టడానికి చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను.

ఎగ్జిబిషన్ అయిన వారానికి, బడి నుంచి వచ్చాక ఫరహ్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని వేసుకుంటోంది. నేను వంటింట్లోంచి వచ్చాను. బ్యాగు జిప్పు చప్పుడు కాలేదు. పుస్తకం తెరిచే ఉంది.

సోఫాలో నిద్రపోతున్న వాళ్ల నాన్న. పొట్ట మీద పేపరు, నోరు కొంచెం తెరిచి. అచ్చం ఆయనే. పాదం మాత్రం తప్పుగా ఉంది, వేళ్లన్నీ ఒకే వరసలో. నేను అక్కడే నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాను. అప్పుడు చూశాను, కాగితానికి కుడివైపు స్కేలుతో నిలువుగా గీత గీసి ఉంది. అవతల రెండంగుళాలు ఖాళీ.

ఫరహ్ తలెత్తకుండానే పెన్సిలు నా వైపు దొర్లించింది.

"యూ కెన్ యూజ్ దట్ బిట్," అంది. "ఓన్లీ దట్ బిట్, అమ్మా."

నేను కూర్చున్నాను. సోఫా వైపు చూసి, గీతకు ఇవతలికి రాకుండా, బొటనవేలంత పాదం ఒకటి వేశాను. అంత బాగా రాలేదు. ఫరహ్ దాన్ని చూసింది, లేచి వెళ్లి వాళ్ల నాన్న పాదం దగ్గర వంగి చూసింది. వచ్చి కూర్చుని రబ్బరు అందుకుంది.